ముందే చెప్పేసిన సాక్ష్యం

నా కుడికాలు బాగుపడిందన్న సంగతి నాకు ఒక ఆదివారం మధ్యాహ్నం తెలిసింది. అప్పటికి నేను మంచం మీద పడుకుని ఉన్నాను. ఆ కాలి కింద రెండు తలగడలున్నాయి. నడుం దగ్గర మొదలై మడమ దాకా పచ్చి కారం పూసినట్టు మండుతోంది. అందుకే ఆ వేళ నేను చర్చికి వెళ్లలేదు, మా ఆవిడ ఒక్కతే వెళ్లింది.

తలుపు తోసుకుని మా యార్డులో నాతో పనిచేసే మిత్రుడొచ్చాడు. అతనూ మా చర్చివాడే. చేతిలో మిఠాయి పొట్లం, మొహం నిండా నవ్వు.

"బావా! ప్రైజ్ ది లార్డ్! ఏదీ, లెగు, ఓసారి నడు, సూద్దాం!"

"నడవడమేంట్రా?"

"అదేటి బావా, సెల్లెమ్మ సాక్ష్యం సెప్పింది కదా! కాలు పూర్తిగా తగ్గిపోయిందంట కదా! సంఘమంతా లెగిసి సప్పట్లు కొట్టీసినారు. అయ్యగారైతే ఏడ్సీసినారు."

నేను తలగడల వైపు చూపించాను. అతను చూశాడు. కాసేపు తల గోక్కున్నాడు. "విశ్వాసం బావా, విశ్వాసం," అని పొట్లం బల్లమీద పెట్టి, వచ్చినంత వేగంగానూ వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా కాలు గురించి ఊరందరికీ తెలిసి, నాకు తెలియకపోవడమేమిటి?

క్రేను నడిపేవాడు ఇంటి నిచ్చెన మీంచి పడ్డాడని యార్డులో ఇప్పటికీ నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నిజమే కదా. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో పని కోసం గోదావరి వైపు నుంచి ఈ ఊరొచ్చాడు. నేను కూర్మన్నపాలెంలోనే పుట్టాను. పోర్టు దగ్గర ఒక ప్రైవేటు యార్డులో క్రేను ఆపరేటర్ని. రోజూ మేడంత ఎత్తు ఎక్కి దిగినా ఏనాడూ కాలు జారలేదు. మా ఇంటిమీద నీళ్ల ట్యాంకు కడుగుదామని ఎక్కి, దిగుతూ దిగుతూ జారి, వెల్లకిలా గచ్చు మీద పడ్డాను. వెన్నులో నరం నలిగింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు. కాలు రావచ్చు, రాకపోవచ్చు, చూడాలి అన్నాడు. యార్డువాళ్లు నన్ను గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. లారీలొస్తే చూసి లోపలికి పంపాలి, అదీ నా ఉద్యోగం. తలెత్తితే నా క్రేను కనిపిస్తుంది. దాని కేబిన్లో ఇప్పుడు వేరేవాడు కూర్చుంటున్నాడు. నాకు మళ్లీ అక్కడికి ఎక్కాలని ఉంది. ఆ కాలు ఇయ్యి అని తప్ప దేవుణ్ణి నేను ఇంకేమీ అడగలేదు.

అడగడమైతే అందరం అడిగాం. మా చర్చి పెద్దదేం కాదు, హార్డువేరు కొట్టు పైన అద్దెకు తీసుకున్న ఒక హాలు. ఉన్న నలుగురూ ఒకరికోసం ఒకరు పడి చచ్చే మనుషులు. శుక్రవారం వస్తే ఉపవాస ప్రార్థనకి అక్కలు, పిన్నులు మా ఇంటికే వచ్చేవారు. ముందుగదిలో చాపలు పరుచుకుని, నా కాలి చుట్టూ కూర్చుని, నూనె రాసి, గొంతులు బొంగురుపోయేదాకా ప్రార్థన చేసేవారు. పాస్టరుగారిని మేమందరం అయ్యగారంటాం. ఆయన కింద మోకాళ్లూని నా పాదం పట్టుకునేవారు. మంచి మనిషి. ఆపరేషనప్పుడు పగలంతా ఆసుపత్రి వరండాలో నిలబడే ఉన్నారు. వద్దంటే వినలేదు. కాలు కదల్లేదుగానీ, నా కోసం ఇంతమంది అడుగుతున్నారన్న ధైర్యం ఒకటి ఉండేది. ఆ శుక్రవారాల కోసం నేను ఎదురుచూసేవాణ్ణి.

నా మట్టుకు నేనూ అడిగాను. మొదట్లో మర్యాదగా అడిగాను, పెద్దవాళ్ల ఇంట్లో కుర్చీ అంచుమీద కూర్చున్నట్టు. తర్వాత బతిమాలాను. ఆ తర్వాత పోట్లాడాను. గేటు దగ్గర లారీల దుమ్ములో కూర్చుని, "నేనేం పాపం చేశానయ్యా? నా తాగుడా, తిరుగుడా? ఏదో ఒకటి చెప్పి చావచ్చు కదా!" అని పైకే అనేశాను ఓసారి. లారీ డ్రైవరు తననే అనుకుని కిందికి దిగొచ్చాడు. మనుషులు దిగొస్తారు. అడిగినాయన దగ్గర్నుంచి మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇక్కడ మా చర్చిలో ఒక పద్ధతి గురించి చెప్పాలి. ఆదివారం పాటలయ్యాక, వాక్య ప్రసంగానికి ముందు, సాక్ష్యాల సమయమని ఒకటి ఉంటుంది. ప్రార్థనకు జవాబొచ్చినవాళ్లు లేచి, మైకు దగ్గరికొచ్చి, దేవుడు చేసిన మేలు చెప్పాలి. అది ఎక్కడైనా ఉండేదే. మా అయ్యగారు దానికి ఇంకో మెట్టు కట్టారు. మేలు జరిగాక ఎవడైనా చెబుతాడు, జరగకముందే జరిగిందని చెప్పి స్తోత్రం చేసినవాడిదే అసలు విశ్వాసం అంటారాయన. మోషే ముందు సముద్రం చీలాక పాట పాడటం గొప్ప కాదు, నీళ్లు కళ్లముందు ఉండగానే పాడాలి అంటారు. మావాళ్లకి అది బాగా పట్టింది. ఉద్యోగం రాకముందే వచ్చిందని చెప్పినవాళ్లున్నారు, సంబంధం కుదరకముందే కుదిరిందన్నవాళ్లున్నారు. వాటిలో కొన్ని నిజంగా జరిగాయి కూడా. జరగనివాళ్లు మళ్లీ లేచి, జరగలేదండీ అని చెప్పడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఆ రెండో సాక్ష్యానికి మా మైకు దగ్గర చోటు లేదు.

మిత్రుడు వెళ్లిన కాసేపటికి మా ఆవిడ వచ్చింది. బైబిలు సంచి గోడ మేకుకి తగిలించింది.

"సెప్పీసినాను," అంది.

"ఏమని?"

"తగ్గిపోయిందని."

"తగ్గిందా నాకు?"

"తగ్గుతాది. ముందే థాంక్స్ సెప్పీసినాను కదా, ఇంక ఆయన సూసుకుంటాడు."

"ఏంటే ఆయన చూసుకునేది? ఇన్నాళ్లూ చూసి చూసి ఊరుకున్నాడు కదా!"

"ఎటకారాలు ఆపండి. ఇదిగో, ఇయ్యాల్టి నుంచి ఈ ఇంట్లో నొప్పి అన్న మాట ఇనబడకూడదు. నొప్పి అన్నారంటే సెప్పిన సాక్ష్యం పాడైపోతాది."

మా ఆవిడ జాలరిపేట పిల్ల. వాళ్లింట్లో ఇప్పటికీ సముద్రం మీదికి వేటకెళ్తారు, అమ్మవారిని కొలుస్తారు. నన్ను ఇష్టపడి చేసుకుని, మా చర్చికి వచ్చింది. మామూలుగా నన్ను మీరు అంటుంది, కోపమొస్తే నువ్వు అంటుంది. ఎవరినైనా మొహమ్మీదే అడిగేసే మనిషి. మా వీధిలో నీళ్లు రాకపోతే అందరూ గొణుక్కుంటారు, ఈవిడ వెళ్లి వాల్వు తిప్పేవాడి ఇంటి ముందు నిలబడుతుంది. అలాంటి మనిషి, ఎవరో చెప్పారని రాని కాలు వచ్చిందని చెప్పి వచ్చి, ఇంత నమ్రతగా స్తోత్రాలు చెబుతుందా! ఈవిడకేమైంది, నాతోపాటు ఈవిడ కూడా ఎక్కణ్ణుంచైనా పడిందా అనిపించింది.

ఆ తర్వాత మొదలైంది నా అసలు అవస్థ. బాగుపడినవాడికి ఎవరూ ప్రార్థన చేయరు. శుక్రవారం వచ్చింది, మా ఇంట్లో చాపలు పరవలేదు. అక్కలూ పిన్నులూ వేరే వీధిలో వేరే ఇంటికి వెళ్లారు. ఆదివారం ప్రార్థన అవసరతలు పైకి చదివేటప్పుడు నా పేరు రాలేదు. చర్చిలో నా కోసం గోడ పక్కన వేసే కుర్చీ తీసేశారు, కింద చాపమీద కూర్చోవాలి. కర్ర పట్టుకుని మెట్లెక్కుతుంటే, "ఇంకా ఎందుకు బ్రదర్ ఆ కర్ర?" అని ఒక పెద్దాయన చాలా ప్రేమగా అడిగాడు. ఎంత ప్రేమగా అడిగాడంటే, నాకు ఆ కర్రతోనే ఒకటి ఇవ్వాలనిపించింది. కర్ర కింద షాపువాడి దగ్గర వదిలేసి, రెయిలింగు పట్టుకుని ఎక్కడం అలవాటు చేసుకున్నాను.

ఇంట్లో అయితే మరీ ఘోరం. పొద్దున్న లేవబోతూ "అమ్మా!" అన్నానంటే, వంటింట్లోంచి "స్తోత్రం!" అని వినిపించేది. నేను "హబ్బా!" అంటే అటునుంచి "హల్లెలూయ!" ఎవరైనా వింటే ఈ మొగుడూ పెళ్లాలు పొద్దున్నే భజన మొదలెట్టారనుకుంటారు. అంతకుముందైతే రోజూ సాయంత్రం నేను డ్యూటీ నుంచి రాగానే ఆవిడ వేడినీళ్లలో గుడ్డ తడిపి కాపడం పెట్టేది. తగ్గిన కాలికి కాపడమెందుకని అదీ మానేసింది. నేనే స్టవ్వు దగ్గర ఒంటికాలి మీద నిలబడి నీళ్లు కాచుకున్నాను. ఆవిడ పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయల వల్లే అనుకున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "ఎలాగుంది?" అని అడిగితే ఏం పోతుందనిపించింది. పైనాయన మాట్లాడడు, కింద ఈవిడ మాట్లాడనివ్వదు. నాకు కాలు కావాలి. అది దొరక్కపోతే, దొరకలేదని చెప్పుకునే వీలైనా కావాలి కదా! అదీ లేదు.

కోపంతోనే బైబిలు తీశాను. అంతకుముందు వాగ్దానాల కోసం చదివేవాణ్ణి. ఇప్పుడు, నాలాంటివాడు ఎవడైనా ఉన్నాడా అని వెతికాను. ఎవడైనా ఏమిటి, పుస్తకమంతా వాళ్లే! బూడిదలో కూర్చుని, చిల్లపెంకుతో ఒళ్లు గోక్కుంటూ, నన్నెందుకు పుట్టించావని నిలదీసినాయన ఉన్నాడు. ఆయన్ని ఓదార్చడానికొచ్చిన స్నేహితులు నోరు మూసుకుని కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే మా చర్చి పెద్దల్లాగా తయారయ్యారు. ఎన్నాళ్లని కేకలెయ్యాలి, నీకు వినపడదా అని అడిగిన ప్రవక్త ఉన్నాడు. ఒంట్లో ముల్లు తీసెయ్యమని బతిమాలిన అపొస్తలుడున్నాడు. ఆయనకి తియ్యను, నా కృపతో సరిపెట్టుకో అన్న జవాబైనా వచ్చింది. కుదరదు అనడం కూడా జవాబే. నాకు ఆ కుదరదు కూడా రాలేదు.

అన్నిటికంటే నన్ను ఆపేసింది, యేసు పట్టుబడే ముందు తోటలో చేసిన ప్రార్థన. కుమారుడే నేలమీద సాగిలపడి, ఈ శ్రమల గిన్నె నా దగ్గర్నుంచి తీసెయ్యమని తండ్రిని అడిగాడు. అడిగిందే మళ్లీ అడిగాడు. తండ్రి ఏమన్నాడో అక్కడ లేదు. ఒక దూత వచ్చి బలపరిచాడని ఒకచోట ఉంది, కానీ గిన్నె మాత్రం పక్కకి జరగలేదు. శిష్యులు నిద్రపోయారని మాత్రం శుభ్రంగా రాసి ఉంది. ఇన్నేళ్లుగా వింటున్నాను, ఈ సంగతి మా మైకులో ఎవరూ చెప్పలేదేమిటా అని చిర్రెత్తుకొచ్చింది.

మా నాన్న పొద్దుటి షిఫ్టుకి వెళ్లేముందు కీర్తనలు పైకి చదివేవాడు. వాటిలో ఒకటుంది. మిగతావి ఎంత ఏడ్చినా చివరికి కళ్లు తుడుచుకుని స్తుతి చేస్తాయి, అది చెయ్యదు. నా స్నేహితులు దూరమయ్యారు, నాకు చీకటే మిగిలింది అని చెప్పి ఆగిపోతుంది. నేను చిన్నప్పుడు, "తర్వాతేమైంది నాన్నా?" అని అడిగాను. "ఏమీ అవలేదు. అంతవరకే ఉంది. అయినా దాన్ని తీసెయ్యలేదు చూడు," అని పుస్తకం మూసి, టిఫిన్ క్యారేజీ సైకిలుకి తగిలించుకుని వెళ్లిపోయాడు. ఆయన పోయి చాలాకాలమైంది. ఇప్పుడుంటే కాసేపు కూర్చుని అడిగేవాణ్ణి. ఇది రాస్తున్నప్పుడు కూడా నా కాలు అలాగే ఉంది, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

ఆ రోజుల్లోనే మా అత్తగారు చేపలు పట్టుకుని వచ్చింది. జాలరిపేటలో ఒడ్డున కూర్చుని చేపలమ్ముతుంది, గొంతు లేస్తే పడవల మీద మగవాళ్లు కూడా ఆగి చూస్తారు. కూతురు సాక్ష్యం సంగతి అక్కడిదాకా పాకినట్టుంది. గంప దించుతూనే నా కాలు వైపు చూసింది.

"ఇదేటి బాబూ? తగ్గిపోయిందన్నారు కదా? ఇంకా ఈడుస్తన్నావేటి?"

నేను మా ఆవిడ వైపు చూశాను. మా ఆవిడ చేపల వైపు చూసింది.

"దేవుడు సేసీసినాడు అమ్మా. కనబడ్డానికి టైం పడతాది," అంది.

"ఓలమ్మ! సేసీసినాడా? మరి బాబు మొకం అలగుందేటి?" అత్తగారు గచ్చు మీద చతికిలబడింది. "మీ పద్దతులు మాకు తెల్దు గానీ, మాకు వేట పడకపోతే మేం అమ్మోరి ముందు నిలబడి అడిగీస్తాం. ఏటే తల్లీ, మేవేటి తప్పు సేసినాం, పిల్లలేటి తింటారు, నీకు కళ్లు లేవేటి అని నోటికొచ్చినట్టు తిట్టీస్తాం. పడవ నిండకుండా ముందే పండగ మాత్రం సెయ్యం. ఆ తల్లికి తెల్దేటి, పడవ కాళీగుందని?"

"నువ్వూరుకో అమ్మా. నీకు తెల్దు."

"నాకు తెల్దులే," అని అత్తగారు నా వైపు తిరిగి, "నొప్పెడతాందా బాబూ?" అని అడిగింది. ఎన్నాళ్లకో నన్ను ఆ మాట అడిగారు ఒకరు, అదీ మా దేవుణ్ణి నమ్మని మనిషి. "బాగా నొప్పిగా ఉందండీ," అన్నాను. మా ఆవిడ చేపలు కడుగుతున్నదల్లా లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. చాలాసేపు లోపలికి రాలేదు.

ఇలాగే ఎన్నాళ్లు నెట్టుకొచ్చేవాణ్ణో నాకు తెలీదు. పరవాడ నుంచి ఒకావిడ రాకపోతే నోరు మూసుకునే ఉండేవాణ్ణేమో. ఒక ఆదివారం కూటం అయ్యాక, రెయిలింగు పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగుతున్నాను. కింద ఒక నడివయసు ఆవిడ నిలబడి ఉంది. ఎప్పుడూ చూసిన మొహం కాదు. చేతిలో మడతపెట్టిన తువ్వాలు ఉంది.

"బాబూ, కాలు తగ్గినాయన మీరేనా?"

నేను అవుననలేదు, కాదనలేదు. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

"మా ఆయనకి పచ్చవాతం బాబూ. ఒక పక్కంతా పడిపోనాది. మీ సంగతి ఇని పరవాడ నుంచి ఆటో కట్టించుకుని వచ్చినాను. ఇది ఆయన తువ్వాలు, ఓసారి ముట్టుకుని ఇయ్యండి."

ఇంకేం చేస్తాను, ముట్టుకున్నాను. ఆవిడ దాన్ని కళ్లకద్దుకుంది.

"నన్ను కూడా వచ్చీ ఆదివారం ముందే సాక్ష్యం సెప్పీమంతన్నారు. మరి ఆయన మాత్రలు ఆపీసి సెప్పాలా బాబూ, ఏసుకుంటానే సెప్పాలా? మాత్రలు ఏసుకుంతే నమ్మకం లేనట్టు కదా? మీరేటి సేసినారు?"

"మాత్రలు ఆపకండమ్మా! ఆపొద్దు!" అని అరిచాను. దారినపోయేవాళ్లు తిరిగి చూశారు. ఆవిడ మొహం చిన్నబోయింది. తనకి విశ్వాసం చాలదని నేను తిట్టాననుకుంది. తువ్వాలు చంకలో పెట్టుకుని ఆటో ఎక్కింది. నేను కర్ర తీసుకుని వెనకాల వెళ్లేలోపు అది కూడలి దాటేసింది.

ఇంటికొచ్చి మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "నీ సాక్ష్యం పుణ్యమా అని అక్కడ ఒక మనిషి ప్రాణం పోతుంది. వచ్చే ఆదివారం అందరి ముందూ చెప్పేస్తాను, నాకు తగ్గలేదని. నీ పరువు పోతే పోనీ!"

దెబ్బలాడుతుందనుకున్నాను. దెబ్బలాడలేదు. "సెప్పుకో," అంది. ఆ వారమంతా ఇంకో మాట లేదు. స్తోత్రాలు కూడా ఆగిపోయాయి. ఆ ఇంట్లో నిశ్శబ్దం నాకు పాత స్తోత్రాలకంటే ఎక్కువ భయం పుట్టించింది.

ఆదివారం వచ్చింది. ఆ రోజు కర్ర షాపులో వదల్లేదు, టకటక చప్పుడు చేసుకుంటూనే పైకెక్కాను. పాటలయ్యాయి. అయ్యగారు సాక్ష్యాల సమయమన్నారు. వెనక వరసలోంచి పరవాడ ఆవిడ లేచి, కొంగు సర్దుకుని, మైకు వైపు నడిచింది. నేను కర్ర ఊతంతో చాపమీంచి లేవడానికి పడ్డ పాట్లు చూసి పక్కవాళ్లు చెయ్యి అందించారు.

"అయ్యగారూ, ముందు నేను మాట్లాడాలి. నాకు తగ్గలేదు."

ఎవరో "స్తోత్రం" అని అలవాటుగా అనేసి నాలిక్కరుచుకున్నారు.

"ఏనాడూ తగ్గలేదు," అన్నాను. "ఇప్పుడు కూడా మండిపోతోంది. అమ్మా, పరవాడమ్మా, మీరు సాక్ష్యం చెప్పకండి. మీ ఆయనకి మాత్రలు మానకండి. నాకే జవాబు రాలేదు."

అయ్యగారి మొహంలో రంగు మారింది. అయినా నెమ్మదిగానే అన్నారు, "బ్రదర్, అలాంటి మాట నోటిలోంచి రానివ్వకూడదు. శత్రువు మన నోటినే వాడుకుంటాడు."

"ఇది నా నోరేనండీ. నొప్పీ నాదే."

"సిస్టరు విశ్వాసంతో చెప్పిన మాటని మీరు..."

"ఆయన్నేటీ అనకండి అయ్యగారూ."

ఆడవాళ్ల వైపు నుంచి మా ఆవిడ లేచింది. ఆవిడ మైకు దగ్గరికి రాలేదు. జాలరిపేటవాళ్లకి మైకులు అక్కర్లేదు.

"మీరందరూ నాది విశ్వాసం అన్నారు. కాదు. నాకు ఆపాటి విశ్వాసం లేదు. అడిగి అడిగి నా నోరు పడిపోనాది. నా కళ్లముందు ఆయన పొద్దున్న లెగిసి మంచం పట్టీ పట్టుకుని ఏడుత్తంటే, ఇంకేటి సెయ్యాలో తెల్లేదు. అందుకని మీ అందరి ముందూ తగ్గిపోయిందని సెప్పీసినాను. ఇంతమంది ఇన్నాక, దేవుడు తన పేరు పోతాదని భయపడైనా సేత్తాడు కదా అనుకున్నాను. ఆయన పరువు అడ్డం పెట్టినాను."

నేను ఈవిడని మెత్తబడిపోయిందనుకున్నాను! ఎడారిలో దేవుడు, తాను ఐగుప్తు బానిసత్వం నుంచి విడిపించి తెచ్చిన జనాన్నే తుడిచిపెట్టేస్తానన్నప్పుడు మోషే పట్టుకున్నదీ ఈ పట్టే. వీళ్లని చంపితే ఐగుప్తువాళ్లు నీ గురించి ఏమనుకుంటారో చూసుకో అన్నాడు. ఆయన మాట నెగ్గింది. మా ఆవిడ అదే పట్టు పట్టి, మొగుడితో తిట్లు తిని, కాపడం కూడా మానేసి కాసుకుని కూర్చుంది. ఆవిడ మాట నెగ్గలేదు. అది తల్చుకుంటే, నా కాలు రానందుకు వచ్చినదానికంటే ఎక్కువ కోపమొచ్చింది దేవుడి మీద.

"పరువు పోయినా ఆయన ఊరుకున్నాడు," అంది మా ఆవిడ. అని, కొంగు తలమీద కప్పుకుంది. మా చర్చిలో ఆడవాళ్లు ప్రార్థనకి అలా కప్పుకుంటారు. ఇంక మాతో మాట్లాడటం లేదని అప్పుడర్థమైంది.

"ఇంటన్నావా? నీ పరువు ఏటైపోయినా నీకు పట్టదని తెలిసిపోనాది. సరే, నీ పరువు నువ్వే సూసుకో. నాను ఇంక నీకు పెద్ద పేరు తేను. నాకు మా ఆయన కాలు కావాలి. ఆయన మళ్లీ క్రేను ఎక్కాల. మళ్లీ అడుగుతన్నాను, రేపూ అడుగుతాను. ఇయ్యకపోతే ఇయ్యనని సెప్పు, ఆపీస్తాను. ఏటీ సెప్పకుండా అలగ కూకుంటే నాను ఎక్కడికెల్లాల? నువ్వు కాకుండా ఇంకెవులున్నారని ఎల్లాల?"

అక్కడితో ఆపేసింది. యేసు నామమున అని ముగించలేదు, స్తోత్రం చెప్పలేదు. అయ్యగారు కళ్లు మూసుకుని నిలబడిపోయారు. అది ప్రార్థనో, తగువో తేల్చుకోలేక ఎవరూ నోరు విప్పలేదు.

మైకు దాకా వచ్చి ఆగిపోయిన పరవాడ ఆవిడ, "ఆమెన్," అంది. నేనూ అన్నాను.